పన్నెండు పోగుల ఫ్యూజు

మొన్న అనంతపురంలో మా అల్లుడి కారుకు పాటల ఆంప్లిఫయర్ బిగిస్తున్న మెకానిక్, “ఫ్యూజు ముప్పై ఏయాల్నా, అరవై ఏయాల్నా సార్? పెద్దదేస్తే మాటిమాటికీ పోదు” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా వెనక సీట్లోంచి నా భార్య, “పోవల్లప్పా! పోయేదానికే గదా అది ఉండేది. వైరు ఎంత మోస్తాదో చూసి, దానికి మించకుండా ఎయ్యి. బ్యాటరీ పక్కనే ఎయ్యి” అంది. ముప్పై ఏళ్లు పిల్లలకు కరెంటు పాఠం చెప్పిన మేష్టర్ని నేను. ఈ పాఠం ఆమెకు నేర్పింది మాత్రం మా పెళ్లి కారు.

ఎనభైల్లో ఒక మే నెల మధ్యాహ్నం. ధర్మవరంలో పెళ్లయ్యాక కొంగుముడితోనే కంబదూరుకు బయలుదేరాం. మగ్గం నేసే మా బావమరిదికి పాటల పిచ్చి. చెల్లెలు అత్తగారి ఊళ్లో మోతతో దిగాలని, బాడుగ అంబాసిడర్‌లో మా కాళ్ల దగ్గర ఆంప్లిఫయర్, కారు నెత్తిన రెండు మైకు హారన్లు పెట్టించాడు. తీగ మాత్రం ఇంట్లో బల్బుకు వేసే సన్నది. దారిలో ఆంప్లిఫయర్ పక్కనున్న ఫ్యూజు రెండుసార్లు పోయింది. మూడోసారి అతను జేబులోంచి జరీ కండె తీశాడు. ఒక పోగు చుట్టాడు, మాడిపోయింది. నాలుగు చుట్టాడు, అవీ అంతే. పన్నెండు పేనితే పాట నిలబడింది. “చూడు బావా, చీరంచుకేసే జరీ! తెగమన్నా తెగదు” అన్నాడు. తప్పని నాకు తెలుసు. కొత్త అల్లుడు మొదటిరోజే తప్పులు దిద్దితే బాగుండదని, బడిలో ఎవరికీ వేయని గ్రేసు మార్కులు అతనికి వేసి ఊరుకున్నాను.

కళ్యాణదుర్గం దాటాక రేడియేటర్ మరిగింది. ఒళ్లో పెట్టుకున్న సారె పెట్టెలను ముందు సీటు మీద కప్పుదాకా పేర్చి, బావమరిది డ్రైవరుతో కలిసి నీళ్లకు పోయాడు. పాట ఆపలేదు. వెనక తలుపులు బయటి నుంచే తెరుచుకుంటాయి, అద్దాలు దిగవు. కాసేపటికి కాళ్ల దగ్గర కమురు వాసన. తీగ తొడుగు కరిగి పొగ లేస్తోంది. కేకలు వేశాను, పాటలో కలిసిపోయాయి. తలుపును భుజంతో గుద్దాను. తలుపు కదల్లేదు, నా తలపాగా కదిలింది. “భయపడొద్దు, ఫ్యూజు పోతుంది” అన్నాను, మేష్టరు గొంతు తెచ్చుకుని. “యాడ పోతాది? మాయన్న పన్నెండు పోగులు ఏసినాడు” అంది. ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నేను కొంగుముడి విప్పబోతే, “ఇప్పొద్దు, ఇంటికాడ ఇప్పల్ల. నువ్వూ వంగు” అని, నన్ను కూడా లాక్కుని కిందికి వంగింది. కాలుతున్న జరీని బొటనవేలి గోటికి తగిలించి, మగ్గం మీద పోగు తెంపినట్టు పుటుక్కున తెంపేసింది.

పాట ఆగింది. ఆ నిశ్శబ్దానికి ఎక్కడినుంచో బావమరిది పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు. “పాట యాల నిలిపినారు బావా?”

మెకానిక్ చిన్న ఫ్యూజే వేశాడు. ఆమె అద్దం కిందికి దింపుకుని కూర్చుంది. ఇన్నేళ్లుగా ఏ కారెక్కినా ఆమె మొదట చేసే పని అదే. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు గానీ, ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె బొటనవేలి మచ్చలో ఇంకా వెచ్చగానే ఉంది.