పద్మం ముగ్గు, వెనక మెట్లు

వియత్నాం యుద్ధమయ్యాక సైగాన్ నుంచి పడవలో బయటపడి అమెరికా చేరిన పక్కింటి బామ్మగారికి నేనంటే గిట్టదనుకున్నాను. ఈ ఫ్రీమాంట్ మేడమీద ఉన్నవి మా రెండు వాటాలే. ముందు మెట్లెక్కి వస్తే మా గుమ్మం ముందు నుంచే ఆవిడ వెళ్లాలి. మొదట్లో నవ్వుతూ తల ఊపేవారు. నేను బియ్యప్పిండితో పద్మం ముగ్గు వేయడం మొదలుపెట్టాక కనిపించడమే మానేశారు.

ఈ రోజు చెత్త పారేయడానికి వెళ్తే, వెనక ఇనప మెట్ల మీద రెండు సంచులతో ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. ఒక సంచి అందుకుని వాళ్లింటిదాకా వెళ్లాను. లోపల, చనిపోయిన పెద్దల ఫోటోల ముందు నల్లటి పెట్టె, దానిమీద ముత్యపుచిప్పతో పొదిగిన తామరపువ్వు.

ఉండబట్టలేక, అక్కడే ఉన్న ఆవిడ కూతుర్ని ఇంగ్లీషులో అడిగేశాను.

"అమ్మగారికి నామీద కోపమా?"

"నో, నో! తామర బురదలో పుట్టినా మురికంటని పువ్వు. మేం పెద్దవాళ్ల ముందు పెట్టుకుంటాం. మీ ముగ్గులో దాన్ని తొక్కలేకే అమ్మ వెనక మెట్లవైపు నుంచి తిరిగి వస్తోంది."

"తొక్కితే ఏం కాదని చెప్పండి!"

కూతురు చెప్పింది. బామ్మగారు ససేమిరా అన్నారు.

మా ఊళ్లో పాలవాడి సైకిలూ, వీధి పిల్లలూ కలిసి పొద్దెక్కకుండానే నా ముగ్గు చెరిపేసేవాళ్లు. రోజూ తిట్టుకునేదాన్ని. ఇక్కడ మావారిది వేరే ఊళ్లో ఉద్యోగం, శనివారం గాని రారు. ఇందాక తలుపు తీసి చూశాను. పొద్దున వేసిన పద్మంలో ఒక్క రేకు కూడా చెదరలేదు.

ఎవరైనా తొక్కుకుంటూ వచ్చే ముగ్గేదైనా మీకు తెలిస్తే చెప్పండి. రేపు అదే వేస్తాను.