మెత్తబడిన కొక్కెం

నాలుగేళ్ళుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. యానాంలో నన్ను ఎరిగినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక్కడే మెట్టకూరులో నాదొక చిన్న త్రీడీ ప్రింటర్ షాపు. రొయ్యల చెరువుల్లో తిరుగుతూ నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు అరిగిపోయిన పళ్ళచక్రాలు చేసిస్తుంటాను. ఒక నర్సింగ్‌ హోమ్ డాక్టరుగారు చేతి ఆపరేషన్లకు సన్నటి కొక్కెం చేయమన్నారు, గాయం అంచును పక్కకు లాగి పట్టుకోవడానికి. ఆవిరిలో శుద్ధి చేసినా వంగని ఖరీదైన ప్లాస్టిక్‌తో చేశాను. మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు అది ఎక్కడో పోయింది, ఇంకొకటి కావాలన్నారు.

ఆ రోజే మా బావ చెరువులో ఏరేటర్ ఆగింది. రొయ్యలు పైకి తేలుతున్నాయని పరుగెత్తుకొచ్చాడు. ఉన్న మంచి ప్లాస్టిక్ అంతా ఆయన చక్రానికి వాడేశాను. కొక్కెం మామూలుదానితో చేశాను. రెండూ తెలుపే. ఏ ముక్కనైనా మరిగే నీళ్ళలో వేసి చూశాకే ఇవ్వడం నా అలవాటు. దాన్ని మాత్రం వేయలేదు. ఎందుకని? మెత్తబడుతుందని తెలుసు కనుక. తెలిసీ ఎలా ఇచ్చాను? ఈ వారంలో చేతి కేసులేమీ రావులే, సరుకు రాగానే మార్చేద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది.

మూడోనాడే ఫరంపేట నుంచి వలతాడు కోసుకుపోయిన చేతితో ఒకాయన వచ్చాడు. మత్తిచ్చాక ఆవిరి పెట్టె తెరిస్తే కొక్కెం వడిలిన కాడలా వాలిపోయి ఉంది. ఆపరేషన్ ఆపేసి ఆయన్ని కాకినాడ పంపారు. నన్ను పిలిపించారు. పక్కనే నర్సు మేరీ నిలబడి ఉంది. మా వీధి అమ్మాయే.

"ముందిచ్చిన రకమేనా ఇది?" అన్నారు డాక్టరుగారు.

"అదేనండి. ఎక్కువసేపు ఉంచేసుంటారండి," అన్నాను.

"గడియారం చూసే తీసేనండి," అంది మేరీ.

ఆయన నా మాటే నమ్మారు. నెల తిరక్కుండా మేరీ ఉద్యోగం పోయింది. ఇప్పుడు రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళుతోంది. రోజూ నా షాపు ముందే ఆటో ఎక్కుతుంది. డాక్టరుగారు ఇప్పటికీ నాకే పనిస్తున్నారు. నిజం చెబితే షాపు మూసుకోవాలి. చెప్పకపోతే, పొద్దున్నే ఆ ఆటో. ఎటు జరిగినా గోడే తగులుతోంది.

మొన్న మేరీ మిక్సీ మూత పిడి విరిగిందని షాపుకొచ్చింది. నేను కొలతలు తీసుకుంటుంటే ఉన్నట్టుండి అంది: "ఆ రోజు నేనే టైము సరిగ్గా చూసుకోలేదేమో అన్నయ్యా. ఇప్పుడు అన్నం కుక్కర్ పెట్టినా మూడుసార్లు గడియారం చూసుకుంటన్నాను."

చెప్పేద్దామని నోరు తెరిచాను.

"సాయంత్రానికి పిడి ఇచ్చేస్తానమ్మా," అన్నాను.

ఆ పిడిని మరిగే నీళ్ళలో రెండుసార్లు వేసి చూసి ఇచ్చాను. ఎవరిని మోసం చేయడానికి? ఎంతని ఆమె అడిగినా డబ్బులు తీసుకోలేదు. నన్ను మంచివాడనుకుంటూ వెళ్ళింది.

ఆమెతో అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను. మేరీ టైము సరిగ్గానే చూసింది.