మా అత్త స్లైడు చూసే పద్ధతి

మా మేనత్త ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసింది. ఊళ్లో సగం మంది రక్తమూ, మిగతా సగం మంది మలమూ ఆమె కంటి కిందుగా వెళ్లినవే. రోడ్డు మీద ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే తనూ నవ్వుతుంది. ఆయనెవరని మావయ్య అడిగితే, "పేరు గుర్తులేదు. తగ్గిపోయింది లెండి" అంటుంది. ఏం తగ్గిపోయిందో ఇంతవరకు ఒక్కరి విషయంలో కూడా చెప్పలేదు.

రిటైరయ్యే రోజున గోడగడియారం ఇస్తామన్నారట. గడియారం మా ఇంట్లో ఉంది, స్టోర్‌రూమ్ మూలన పడేసిన పాత మైక్రోస్కోపు ఇప్పించండి అని అడిగి తెచ్చుకుంది. దాన్ని వంటింటి కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, కుట్టుమిషనుకు కుట్టినట్టు గుడ్డ తొడుగు కుట్టింది. అక్కడ ఏం చూస్తుందో ఆమెకూ తెలియదు. కొన్నాళ్లు పెరుగు చూసింది. కొన్నాళ్లు పూలకుండీలో నీళ్లు చూసింది. ఒకరోజు మావయ్య వద్దంటున్నా వినకుండా ఆయన చుండ్రు చూసింది.

ఇక నా సంగతి. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో వదిలేశాను. ఆ తర్వాత మూడు ఉద్యోగాలు వదిలేశాను. వదలకుండా పట్టుకున్నది ఉప్పునీటి అక్వేరియంలు ఒక్కటే. షాపుల్లో, క్లినిక్కుల్లో పెట్టుకున్న సముద్రపు చేపల ట్యాంకులు కడుగుతాను, నీళ్లు మారుస్తాను, ఉప్పు సరిచూస్తాను, చేపకు ఒంట్లో బాగోకపోతే మందు వేస్తాను. మొదటి రెండేళ్లు ఆ చివరి పని గుడ్డెద్దు చేలో పడ్డట్టే చేశాను. మచ్చ కనిపిస్తే ఒక మందు, గోక్కుంటే ఒక మందు. బతికినవి నా గొప్ప, చచ్చినవి వాటి రాత.

మూడేళ్ల కిందట ఒక చేప ఒంటి మీది జిగురు గాజుపలక మీద గీకి, ఎండిపోకుండా కుళాయి నీటి చుక్క వేసి అత్త దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చూసి తలెత్తింది.

"ఏ నీళ్లు వేశావురా?"

"కుళాయి నీళ్లు."

"ఇవి సముద్రంలో పురుగులు కదా. మంచినీళ్లు తగిలితే ఉబ్బి పగిలిపోవూ? సాక్షిని చంపేసి కోర్టుకు తెచ్చావ్."

ఆ రోజు నుంచి ఆమె పద్ధతి నాకు పట్టుబడటం మొదలైంది. చుక్క అదే ట్యాంకు నీటిది కావాలి. గీకిన పది నిమిషాల్లో చూడాలి, కాబట్టి చేప మైక్రోస్కోపు దగ్గరికి కాదు, మైక్రోస్కోపే చేప దగ్గరికి రావాలి. జబ్బు చేపతో పాటు బాగున్న చేపనూ ఒకదాన్ని చూడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆమె స్లైడు చూసేదాకా మన అనుమానం ఏమిటో చెప్పకూడదు.

ఈ చివరిదాని వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డాక్టరు చీటీ మీద మలేరియా కాబోలని రాసి పంపాడు. ఈమె గంటసేపు వెతికి, రంగు మందు తాలూకు చుక్కల్ని చూసి, అవే మలేరియా అని రాసిచ్చింది. ఒక ఆడపిల్ల వారం రోజులు చేదు మాత్రలు మింగింది. జ్వరం అసలు టైఫాయిడ్‌ది. పిల్ల బతికింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి చీటీలో అనుమానం రాసే గడి మీద బొటనవేలు పెట్టి, స్లైడు చూశాకే వేలు తీసేదట.

"అనుమానం చెవిలో పడిందా, కన్ను దాన్నే వెతుక్కుంటుంది. లేకపోతే కల్పించుకుంటుంది" అంటుంది.

పోయిన ఏడాది ఒక గురువారం పొద్దున కళ్లజోళ్ల షాపాయన ఫోన్ చేశాడు. నేను చూసే ట్యాంకులన్నిటిలోకి ఆయనదే పెద్దది. తొమ్మిదేళ్లు పెంచాడు. బొటనవేలంత ముక్కలుగా తెచ్చి రాళ్లకు అంటించిన పగడాలు ఇప్పుడు పళ్లాలంత అయ్యాయి. వాటి మధ్య పువ్వులా విచ్చుకునే ఎనిమోన్ అనే సముద్రజీవి, దాన్నే ఇల్లు చేసుకున్న రెండు నారింజ రంగు క్లౌన్ చేపలు. పెద్దది ఆడది, చిన్నది మగది. ఆయన వాటిని మొగుడూ పెళ్లాం అంటాడు. పసుప్పచ్చని టాంగ్ చేప ఒకటి రోజంతా అద్దం వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఉండేది కాబట్టి దాని పేరు మేనేజర్.

"పెళ్లానికి ఒళ్లంతా తెల్లమచ్చలు" అన్నాడు ఫోన్‌లో.

వెనక నుంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. "ఏ పెళ్లానికండీ?"

"నీకు కాదు లేవే, చేపకి."

వెళ్లి చూశాను. ఆడ చేప రెక్కల అంచున, తోక మీద తెల్లటి చుక్కలు. నాకూ తెల్లమచ్చ పురుగు అనే అనిపించింది. ఆయన బల్ల మీద అప్పటికే రాగి మందు సీసా ఉంది. చేపలమ్మేవాడు ట్యాంకులో పోసెయ్యమన్నాడట. రాగి ఆ పురుగును చంపుతుంది, నిజమే. దాంతో పాటు పగడాలనూ ఎనిమోన్‌నూ చంపుతుంది, రాళ్లలోకి ఇంకి ఇక ఎన్నటికీ మళ్లీ పెంచనివ్వదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం. చేపల్ని బయటికి తీసి వేరే తొట్టెలో మందు వెయ్యొచ్చు కానీ, అన్నిటినీ పట్టాలంటే తొమ్మిదేళ్ల పగడాల గుట్టను విప్పాలి.

"పోయకపోతే చేపలు పోతాయి. పోస్తే మిగతావన్నీ పోతాయి. అంతేగా?" అన్నాడాయన. ఆ మాట అనేటప్పుడు నా వైపు కాదు, ట్యాంకు వైపు చూశాడు. "పువ్వుల కంటే ప్రాణమున్న చేపలు ముఖ్యం. శనివారం పోసేస్తాను."

"పువ్వులకీ ప్రాణముంది. రేపటిదాకా ఆగండి. మా అత్తని తీసుకొస్తా."

"ఆవిడ చేపల డాక్టరా?"

"కాదు. కళ్లున్న మనిషి."

మర్నాడు అత్త మైక్రోస్కోపును ఒళ్లో పెట్టుకుని నా వ్యాన్‌లో కూర్చుంది. దారిలో నేను, "అత్తా, నాకైతే అది..." అన్నాను.

"నోరు మూసుకుని రోడ్డు చూడు" అంది.

షాపాయన ఆమెను ఎగాదిగా చూశాడు. అరవై దాటిన మనిషి, చేతిలో చీరముక్క తొడుగు వేసిన మైక్రోస్కోపు.

"ముందు మీ కళ్లు పరీక్ష చెయ్యమంటారా అమ్మా? ఉచితమే."

"శుక్లాలు తీసి రెండు కళ్లకీ లెన్సులు వేసి ఏడాది కాలేదు. ఈ షాపులో అందరికంటే కొత్త కళ్లు నావే. ఒక స్టూలు వేయించండి."

మైక్రోస్కోపు తొడుగు కూడా విప్పలేదు. ట్యాంకు ముందు స్టూలు వేసుకుని, చేతిగడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో చేప మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంది. ఇరవై నిమిషాలు. షాపాయన ఇద్దరు కస్టమర్లకు ఫ్రేములు చూపించి వచ్చాడు. ఆమె ఇంకా లెక్కపెడుతూనే ఉంది.

"ఈ పచ్చది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?" అంది, పంపు నీటిధార ముందు ఈదుతున్న మేనేజర్‌ని చూపించి.

"నెల రోజులుగా అక్కడే. ధారకి ఎదురీదుతూ ఎక్సర్‌సైజ్ చేస్తున్నాడు. మా డాక్టరు నన్ను నడవమని చెప్పి చెప్పి విసిగిపోయాడు. నాకంటే వీడు నయం."

అత్త కాగితం మీద ఏదో రాసుకుంది.

ఆడ క్లౌన్‌ని గిన్నెతో పట్టాను. తడి చేతిలో పట్టుకుని, పల్చటి గాజు అంచుతో తల వెనక నుంచి తోక దాకా సుతారంగా గీకాను. ట్యాంకు నీటి చుక్క వేశాను. ఆమె కళ్లు పరీక్షించే గదిలో, అక్షరాల బోర్డు కింద మైక్రోస్కోపు పెట్టుకుంది. స్లైడు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. రెక్క అంచు నుంచి ఒక చిన్న తెల్లచుక్కను తెమ్మంది. అదీ చూసింది.

"పురుగు లేదు" అంది.

షాపాయన, నేను ఇద్దరం ఒకేసారి "లేదా?" అన్నాం.

"చుక్కలు కావివి. దగ్గరగా చూడండి, గోబీపువ్వులా బుడిపెలున్నాయి. లోపల కణాలు గుండ్రంగా ఉబ్బిపోయి ఉన్నాయి. వైరస్ వల్ల వస్తాయి, మనకి పులిపిర్ల లాంటివి. మందు లేదు, అక్కర్లేదు. తిండి బాగా పెట్టి, బెదరగొట్టకుండా ఉంటే వాటంతటవే రాలిపోతాయి. రాగి పోస్తే వీటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"ఏమీ లేదని చెప్పడానికా అమ్మా ఇంత సామాను?"

"ఏమీ లేదన్నదీ రిపోర్టే. ముప్పై ఏళ్లలో జనం ఎక్కువ సంతోషపడింది ఆ రిపోర్టుకే." నా వైపు తిరిగింది. "ఇప్పుడు బాగున్నదాన్ని పట్టు. ఆ పచ్చదాన్ని."

ఇద్దరం గొల్లుమన్నాం. మేనేజర్‌ని పట్టడం అంటే మాటలు కాదు. టాంగ్ తోక మొదట్లో రెండువైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది. పైగా దాని ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, తిండి చూస్తే ఎగబడుతుంది.

"అది రాయిలా ఉంది అత్తా. చక్కగా తింటోంది కూడా."

"బాగున్న చేప ఏదో నీకు తెలిస్తే నన్నెందుకు పిలిచావురా?"

గిన్నె తీసుకున్నాను. ముప్పావుగంట పట్టింది. నా చూపుడువేలు తెగింది. షాపాయన భార్య మందు రాస్తూ, "పెళ్లానికి మచ్చలొస్తే మేనేజర్ని పట్టుకున్నారు. మగాళ్ల వైద్యం ఇలాగే ఉంటుంది" అంది.

"పట్టమన్నది మా అత్తేనండీ" అన్నాను.

మేనేజర్ ఒంటి మీద గీకిన జిగురును అత్త ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత లేచి, షాపాయన్ని కూర్చోమంది. ఆయన కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని చూశాడు.

"జలగలా ఉంది. కదులుతోంది. ఆ చివర కొక్కేల్లాంటివి ఉన్నాయి."

"ఆ కొక్కేలతోనే చర్మాన్నీ మొప్పల్నీ పట్టుకుంటుంది. అద్దంలా ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు. మిగతా చేపలు నిమిషానికి డెబ్భై, ఎనభై సార్లు ఊపిరి తీసుకుంటున్నాయి. ఇది నూట నలభై. మీవాడు చేస్తున్నది ఎక్సర్‌సైజ్ కాదండీ. మొప్పలు మూసుకుపోయి ఊపిరాడక ధార ముందు నిలబడ్డాడు. మనిషైతే కిటికీ దగ్గర కూర్చునేవాడు."

షాపాయన స్టూలు మీంచి లేవలేదు. "నెల రోజులు" అన్నాడు. "కస్టమర్లకి చూపించి నవ్వాను."

"చూసిన వాళ్లందరూ నవ్వారుగా. చేపకి ఆయాసం వస్తే చెప్పుకోదు" అంది అత్త. ఓదార్పు కింద ఆమె ఇచ్చేది అంతే. "నల్లతొట్టె ఉందా?"

నల్లటి ప్లాస్టిక్ తొట్టెలో మంచినీళ్లు పోశాను. ట్యాంకు నీటి వేడికి సరిపోయేలా చేసి, కొంచెం వంటసోడా కలిపి, గాలి గొట్టం వేశాను. ఐదు నిమిషాలు చేప తట్టుకుంటుంది. కొక్కేల పురుగు తట్టుకోలేదు. అప్పట్లో కుళాయి నీటితో నేను చేసిన తప్పే ఇప్పుడు వైద్యం. మేనేజర్‌ని వదిలాం. మొదటి నిమిషం పక్కకు ఒరిగింది. షాపాయన తొట్టె అంచు పట్టుకున్నాడు.

"చచ్చిపోతోందమ్మా."

"గడియారం నా చేతిలో ఉంది. మీరు తొట్టె అడుగు చూడండి."

రెండో నిమిషానికి చేప నిలదొక్కుకుంది. మూడో నిమిషానికి దాని ఒంటి మీద, కంటి మీద, అంతవరకు ఏమీ లేని చోట తెల్లగా నువ్వుగింజల్లాంటివి తేలాయి. ఒకటొకటిగా జారి నల్లటి అడుగున పడ్డాయి. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై మూడు దగ్గర ఆపేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ట్యాంకు మొత్తానికి వెయ్యాల్సిన మందు అత్తకు పాత పరిచయమే. మనుషులకూ కుక్కలకూ కడుపులో పురుగులకు వాడేదే. పగడాలను ఏమీ చెయ్యదు. రాళ్ల సందుల్లో ఉండే గొట్టపు పురుగులు కొన్ని పోవచ్చు, అది ముందే చెప్పింది. గుడ్లను మాత్రం ఏ మందూ చంపదు కాబట్టి, అవి పిల్లలయ్యేదాకా ఆగి, వారం తర్వాత రెండో డోసు. రాగి సీసాను నా చేతికిచ్చింది.

"ఇది పోసుంటే పగడాలు పోయేవి, పులిపిర్లు ఉండేవి, ఈ పురుగులు హాయిగా పిల్లల్ని పెట్టేవి" అంది.

తిరుగుదారిలో అడిగాను. "ఊపిరి లెక్కపెట్టినప్పుడే నీకు మేనేజర్ సంగతి తెలిసింది కదా. అప్పుడే చెప్పొచ్చుగా."

"అప్పటికది అనుమానం" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

రెండో డోసు అయిన పది రోజులకు మళ్లీ వెళ్లాం. ఆడ క్లౌన్ తోక మీద బుడిపెలు సగం రాలిపోయాయి. పగడాలు విచ్చుకుని ఉన్నాయి. మేనేజర్‌ని పట్టడానికి నాకు ఈసారి గంటంపావు పట్టింది. ఇప్పుడు దానికి ఊపిరి సరిపోతోంది మరి. అత్త మూడు స్లైడులు చూసి, ఆసుపత్రి అలవాటు ప్రకారం చీటీ రాసింది. రోగి పేరు మేనేజర్. ఊపిరి నిమిషానికి డెబ్భై ఆరు. మూడు స్లైడుల్లో పురుగులు గానీ గుడ్లు గానీ కనిపించలేదు.

షాపాయన చీటీ చదివాడు. "నయమైందని రాయండమ్మా. ఫ్రేము కట్టించి అక్షరాల బోర్డు పక్కన పెడతా."

"నేను చూసింది రాస్తాను. నయమైందో లేదో వాణ్ణే అడగండి."

ఆయన వెనక్కి తిరిగాడు. పంపు ముందు ఎవరూ లేరు. మేనేజర్ ట్యాంకు అవతలి చివర, రాతి మీది పాచి పీక్కుని తింటోంది. కాసేపటికి అద్దం వెంబడి ఇటు వచ్చింది, కౌంటరు దగ్గర నిలబడ్డ కస్టమర్ని ఒకసారి చూసి, మళ్లీ అటు వెళ్లింది.

"డ్యూటీలో చేరాడు" అన్నాడు షాపాయన. ఆ చీటీకే ఫ్రేము కట్టించాడు.