ఎర్మిండా తల్లి నాలుగు రోజులు

బొరాకాయ్ దీవిలో తెల్ల ఇసుక ఒడ్డున పద్దెనిమిదేళ్లుగా ఎర్మిండా చేస్తున్నది ఒళ్లు పట్టే పని. నీలం చొక్కా, దాని వీపు మీద నూటపద్నాలుగు నంబరు. కొబ్బరిచెట్ల నీడలో చాప పరిచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్ల వీపులకు నూనె రాసి మర్దనా చేస్తుంది. ఇన్నేళ్లలో ఆమె తల్లి పూరింగ్ ఒక్కసారి కూడా ఆ దీవిలో అడుగుపెట్టలేదు.

పెట్టకపోవడానికి కారణం ఉంది. ఆంటిక్ కొండల్లో వాళ్ల ఊరికంతటికీ పూరింగే మంత్రసాని. బెణికిన కాలు, పట్టేసిన నడుము, అడ్డం తిరిగిన బిడ్డ, ఏదైనా ఆమె చేతికే వచ్చేది. ఎవరైనా కోడిపిల్లనో, శేరు బియ్యమో ఇస్తే పుచ్చుకునేది, లేకపోతే లేదు. ఎర్మిండా ఆ పనంతా తల్లి పక్కన కూర్చునే నేర్చుకుంది. మొగుడు వదిలేసి పోయాక, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని దీవికి పోతానన్న రోజున తల్లి ఒకే మాట అంది.

"నీకు ఈ పని నేర్పింది ఊళ్లో పురుళ్లు పొయ్యడానికే. బట్టల్లేకుండా బోర్లా పడుకున్న వాళ్ల వీపులు తోమడానికి కాదు."

ఆ మాట ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. పండగలకు ఎర్మిండా ఇంటికి వెళ్లేది, తల్లి కడుపునిండా అన్నం పెట్టేది. దీవి ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఆ ఏడాది ఎండాకాలంలో పూరింగ్‌కి తిండి సయించడం మానేసింది. ఎర్మిండా ఆమెను ఇలోయిలో పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కూతుర్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకిందనీ, కోసినా ప్రయోజనం లేదనీ, మహా అయితే మూడు నెలలనీ చెప్పాడు. ఎర్మిండా మొహం తుడుచుకుని బయటికొచ్చింది.

"ఏమన్నాడే?"

"గ్యాసంటమ్మా. మందులు రాసిచ్చాడు."

పూరింగ్ కూతురి మొహంలోకి కాసేపు చూసింది. "అయితే ఇప్పుడే ఇంటికెందుకు? పద, నీ దీవి చూపించు," అంది.

పడవ దిగగానే వంగి, గుప్పెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఓసి, ఇది బియ్యప్పిండే! దీన్ని తొక్కుతూ తిరుగుతున్నారా మీరంతా?" అంటూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఆ సాయంత్రమంతా పావడా తడుపుకుంటూ మోకాటిలోతు నీళ్లలో కూర్చుంది. కొబ్బరాకులో చుట్టి ఉడికించిన జిగురన్నం ఎర్మిండా విప్పి పెడితే రెండు ముద్దలు తిని చాలంది.

ఎర్మిండాకి సెలవు దొరకలేదు. మర్నాడు తల్లిని పని దగ్గరికే తీసుకెళ్లి చాప పక్కన కూర్చోబెట్టింది. అక్కడ ఆమెతో పనిచేసే దోలోర్ నవ్వుతూ పలకరించింది. "పెద్దమ్మా, మా నూటపద్నాలుగుని కన్నది నువ్వేనా?"

"నూటపద్నాలుగా? నేను పెట్టిన పేరేమైందే?"

"వచ్చేవాళ్లకి ఆ పేరు నోరు తిరగదులే అమ్మా," అంది ఎర్మిండా తలెత్తకుండా.

కొరియా ముసలావిడ ఒకామె వచ్చి చాప మీద పడుకుంది. ఎర్మిండా నూనె రాసి మొదలుపెట్టింది. పూరింగ్ కాసేపు ఓపిక పట్టింది గానీ, ఆపైన ఆమె వల్ల కాలేదు.

"అక్కడ కాదే. రెండు వేళ్లు కిందికి. ముడి నీ కళ్లెదురుగా కనిపిస్తుంటే!"

దోలోర్ కిసుక్కున నవ్వింది. పూరింగ్ మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, కూతురి చెయ్యి తోసేసి, ఆ వీపు మీద తన బొటనవేళ్లు ఆనించింది. ముసలావిడ మూలిగింది. తర్వాత మెల్లగా ఆమె భుజాలు వదులయ్యాయి. లేచి కూర్చున్నాక తడి కళ్లతో పూరింగ్ చేతులు రెండూ పట్టుకుని, తల వంచి ఏదో అంది.

"ఏమంటోందే?"

"నాకు మాత్రం ఏం తెలుసమ్మా?"

"ఎన్నాళ్ల నుంచి మోస్తోందో ఆ ముడిని, పాపం." పూరింగ్ చేతులు పావడాకి తుడుచుకుంది. "వీపు ఎవరిదైనా వీపేనే," అంది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ మాట విని ఎర్మిండా నూనె సీసాకి మూత పెట్టడం మరిచిపోయింది.

మధ్యాహ్నం ఎండకి జనం పలచబడ్డారు. "అమ్మా, నువ్వు పడుకో," అంది ఎర్మిండా. తల్లి వీపు మీద ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. వెల్లకిలా తిరిగాక కాళ్లు పట్టింది, చేతులు పట్టింది, కడుపు జోలికి మాత్రం పోలేదు. పూరింగే కూతురి చెయ్యి పట్టుకుని డొక్క కింద పెట్టుకుంది.

"ఇక్కడ. నొక్కకు, ఊరికే పెట్టు."

గడ్డ పచ్చి జామకాయలా గట్టిగా ఉంది.

"నాట్లప్పుడు బత్తాయి గింజంతే ఉండేది. ఊళ్లో అందరి కడుపులూ తడిమినదాన్ని, నా కడుపు నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా? గ్యాసంట, గ్యాసు!" పూరింగ్ నవ్వింది. ఎర్మిండాకీ నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. తల్లి ఆమె చెంప మీద తట్టింది.

"ఊరుకోవే. నూటపద్నాలుగు ఏడుస్తోందని జనం చూస్తారు."

పూరింగ్ నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు ఎర్మిండా పని మానుకుని తల్లితో కొండల్లోకి వెళ్లిపోయింది. డాక్టరు చెప్పిన మూడు నెలలు కూడా పట్టలేదు. ఏడో వారంలో, తెల్లారి కోళ్లు కూసే వేళ, కూతురు పాదాలు పడుతుండగానే పూరింగ్ కన్నుమూసింది. జామాకులు వేసి కాచిన నీళ్లతో ఎర్మిండాయే ఒళ్లు కడిగింది, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

ఊరి నుంచి దీవికి సగం రోజు ప్రయాణం. అన్నేళ్లలో ఏ పండక్కయినా "రామ్మా" అని తాను ఒక్క మాట అని ఉంటే అమ్మ వచ్చేదేమో అని, పోయినవాళ్ల కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనల్లో ఆమె పెదవులు కదిలాయే గానీ మనసు అక్కడే తిరిగింది.

నలభై రోజులు గడిచాక ఎర్మిండా తిరిగి పనిలోకి వచ్చింది. వీపులు పడుతుంది, కాళ్లు పడుతుంది. ఎవరైనా కడుపు పట్టమంటే మాత్రం లేచి పక్కకి జరిగి, దోలోర్‌ని పిలుస్తుంది.