అడ్డు చెప్పాకే సంతకం

ఆరెంజ్ జ్యూస్ కప్పు మీది రేకు మూత పీకగానే వచ్చే పుల్లటి వాసన నాకిప్పటికీ పడదు. మా వార్డులో రోజుకి నాలుగైదు సార్లయినా పీకాల్సి వస్తుంది. పీకినప్పుడల్లా సుగుణ గారు గుర్తొస్తారు.

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో, మా తెలుగు చర్చిలో ఆవిడ నాకు సుగుణ ఆంటీ. నర్సింగ్ కోర్సులో నన్ను ట్రైనింగ్‌కి పంపిన ఆసుపత్రిలో ఆవిడే ఛార్జ్ నర్సు, అంటే ఆ షిఫ్టులో వార్డుకంతటికీ పెద్ద. "ఇక్కడ ఆంటీ గీంటీ లేదు. సుగుణ అను," అని మొదటి రోజే చెప్పేశారు. నా వల్ల కాలేదు. 'ఎక్స్‌క్యూజ్ మీ'తో నెట్టుకొచ్చాను.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, నాకు పని నేర్పే డెబ్రా ఒక పెద్దాయనకి భోజనం ముందు ఇచ్చే ఇన్సులిన్ తెచ్చింది. ఆయన వికారంగా ఉందని భోజనం ట్రే ముట్టకుండా వెనక్కి పంపడం నేను చూశాను. తినకుండా ఆ ఇన్సులిన్ ఇస్తే షుగర్ పడిపోతుందని చదివాను కూడా. అయినా అంత అనుభవం ఉన్న మనిషికి నేను చెప్పేదేమిటని నోరు మూసుకున్నాను. డెబ్రా ఇన్సులిన్ ఇచ్చేసింది. అరగంటలో ఆయనకి చెమటలు, వణుకు. జ్యూస్ తాగించాక తేరుకున్నాడు.

ట్రే సంగతి నాకు తెలుసని ఎవరికీ తెలియదు. చెప్పకపోతే గడిచిపోయేదే. కానీ ఆయన మొహం కళ్ల ముందు నుంచి పోలేదు. వెళ్లి సుగుణ గారితో చెప్పేశాను. నా వల్ల రోగికి ప్రమాదమని ఆవిడ కాలేజీకి రాస్తే కోర్సు అక్కడితో ఆఖరు.

"జరిగింది జరిగినట్టే రాస్తాను. నీ అంతట నువ్వే వచ్చి చెప్పావని కూడా రాస్తాను," అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

షిఫ్టు ముగిసే ముందు అందరినీ పిలిచి ఇంగ్లీషులో అడిగారు: "ఈ అమ్మాయి చూసింది, కానీ చెప్పలేకపోయింది. మనం ఏం చేస్తే చెప్పేది?"

"ధైర్యం కాలేజీలో నేర్పాలి," అంది డెబ్రా, మొహం గంటు పెట్టుకుని.

"భయం మాత్రం మన దగ్గరే పుట్టింది కదా," అన్నారు సుగుణ గారు.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. స్టూడెంట్ రోజుకొక్కసారైనా ఒక సీనియర్‌ని పని మధ్యలో ఆపి, అది సరైనదేనా అని అడగాలి, లేకపోతే హాజరు కాగితం మీద సంతకం ఉండదు. ఆగినవాళ్లు థాంక్యూ చెప్పి, అక్కడికక్కడే మళ్లీ చూసుకోవాలి. డెబ్రాకి అది ఒళ్లుమంట. అయినా పళ్లు బిగించి థాంక్యూ చెప్పేది.

ఒకరోజు సుగుణ గారినే ఆపాను. "ఈ మాత్ర పొద్దున ఇచ్చేశారేమో?" ఆవిడ థాంక్యూ అని, కంప్యూటర్ తెరిచి చూశారు. ఇవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాది తప్పు కదా ఆంటీ, థాంక్యూ ఎందుకు?"

"తప్పయితే ఏమ్మా, రేపు కూడా అడుగు," అన్నారు. ఆంటీ అన్నందుకు ఏమీ అనలేదు.

ఆవిడ రాసిన కాగితం కాలేజీకి చేరింది. హెచ్చరికతో సరిపెట్టారు, కోర్సులో మిగిలాను.

ఇప్పుడు ఛార్జ్ నర్సుని నేను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. పోయిన నెల ఒక స్టూడెంట్ రోగి కూతురి ఎదుటే నన్ను ఆపింది. ఒళ్లు మండిపోయింది. అయినా థాంక్యూ చెప్పి, మళ్లీ సరిచూశాను. పొరపాటు ఆ పిల్లదే. మర్నాడు అదే పిల్ల మళ్లీ ఆపింది. ఈసారి పొరపాటు నాది.