కంగారు సారు మార్కులు

ఆ రోజుల్లో మా హాస్టల్లో నిద్రపోతున్నవాణ్ణి లేపాలంటే నీళ్ళు చల్లక్కర్లేదు, చెవి దగ్గర ‘మార్కులు’ అంటే చాలు. నేనైతే ఉలిక్కిపడి లేచి కూర్చునేవాణ్ణి. అప్పటికే ఇంగ్లిషు ఒకసారి తప్పాను. “గీసారి గూడ తప్పితే వచ్చి నాగలి పట్టు బిడ్డా” అని మా నాయన చల్లగా చెప్పాడు. (నాయన అరిస్తే భయం లేదు, చల్లగా చెబితేనే భయం.)

ఆ ఇంగ్లిషు చెప్పడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక సారు వచ్చాడు. కంగారూల దేశంవాడు గనుక కంగారు సారన్నాం గాని, ఆయనకి కంగారన్నదే లేదు. ఒక కాలు మాత్రం వంగదు. ఆదివారం పొద్దున్నే క్యాంపస్ మైదానంలో నిలబడి, దోసకాయలాంటి బంతిని రెండో కాలితో ఆకాశానికి తన్నేవాడు. మేం ఎగిరి పట్టుకుంటే “మార్క్!” అని కేకేసేవాడు.

“సారు మార్కులిస్తుండురా!” అన్నాను మా గుంటూరు రూమ్మేటుతో.

“ఎగిరితే మార్కులేంట్రా, నీ మొహం!”

“నీకేమెరుక? వాళ్ళ దేశంల గట్లనే ఇస్తరేమో!”

ఇంకేముంది, పుస్తకాలు అటకెక్కాయి. మోచేతులు చెక్కుకుపోయినా పట్టు విడవలేదు. రూమ్మేటు వీపెక్కి కూడా పట్టాను. (వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.) పరీక్షలు దగ్గరపడగానే తార్నాకలో సారు ఇంటికెళ్ళి, వచ్చిన ఇంగ్లిషంతా కూడగట్టుకుని, “సార్, నా మార్కులు కలపండి” అన్నాను.

ఆయనకి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తన్నిన బంతిని నేల తాకకుండా పట్టుకోవడాన్నే వాళ్ళ ఫుట్‌బాల్‌లో మార్క్ అంటారట! ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

“నీ వయసులో నన్ను పెద్ద జట్టులోకి తీసుకున్నారు. ఒక్క సీజను ఆడానో లేదో, యుద్ధమొచ్చింది. తిరిగొచ్చేసరికి కాలు ఇలా అయింది. ఆట నాకోసం ఆగలేదు. నీ పరీక్ష ఇంకా ఉంది కదా, కూర్చో” అన్నాడు ఇంగ్లిషులో.

ఆ రోజునుంచి సాయంత్రమైతే ఆయన వరండాలోనే నా మకాం. వ్యాసం తప్పు రాస్తే మళ్ళీ రాయించేవాడు, మళ్ళీ తప్పితే మళ్ళీ. నాకు విసుగొచ్చేది గాని ఆయనకి రాదు. చూసి చూసి నేనూ పంతం పట్టాను.

ఫలితాలొచ్చిన రోజు పరుగెత్తుకెళ్ళి “పాస్, సార్!” అన్నాను. ఆయన ఆ వంగని కాలితోనే ఎగరబోయి, తూలి, వరండా స్తంభం పట్టుకున్నాడు. యుద్ధం రాకముందు పెద్ద జట్టులో ఆడిన ఆ కుర్రవాణ్ణి అప్పుడు చూశాను. ఎంత బావున్నాడో! ఇప్పుడు నా మోకాళ్ళూ మెట్ల దగ్గర పేచీ పెడుతున్నాయి. అయినా ఎవరైనా వచ్చి పాసయ్యానంటే ముందూవెనకా చూడకుండా లేవబోయి, కుర్చీ పట్టుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.