ఎడమ చెయ్యెత్తిన అమ్మాయి

ఆ బుధవారం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మా కాలేజీలో కొత్తగా పెట్టిన ఆఫ్రికా అధ్యయనాల డిగ్రీ ఎలా నడుస్తోందో చూడటానికి బయటి యూనివర్సిటీ నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళ ముందు విద్యార్థులు ఏం మాట్లాడాలో ముందురోజే కూర్చోబెట్టి నోట్సు చెప్పింది నేను. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా చెప్పాను. పైగా ఉపకారం చేస్తున్నాననుకున్నాను.

తొంభైల మధ్యనాటి సంగతి ఇది. కాకినాడ దగ్గర డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పుకుంటున్న నేను బహ్రెయిన్‌లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో చేరాను. మనామా బజారులో కింద వాచీల కొట్టు, పై రెండంతస్తుల్లో మా కాలేజీ. మా శాఖకి పెద్ద ఒక సూడాన్ ఆవిడ. నేను ఆవిడని ‘డాక్టర్’ అనేవాణ్ణి. ఆవిడ నన్ను ‘యా ఉస్తాద్’ అనేవారు, మనం ‘పంతులుగారూ’ అన్నట్టు. ఆఫ్రికా గురించీ, అక్కణ్ణించి సముద్రాలు దాటి నలుదిక్కులా చెదిరిన జనం గురించీ ఒక బి.ఏ. పెట్టాలన్నది ఆవిడ కల. శాఖలో ఆవిడ కాక ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను కాబట్టి ఆ కలలో నాకూ వాటా దక్కింది.

సిలబస్ రాయడమంటే నాకు కొట్టిన పిండి అనుకున్నాను. పేపరుకి అయిదు యూనిట్లు, యూనిట్‌కి నాలుగు టాపిక్కులు. ఒక్క రాత్రిలో మొదటి సంవత్సరం మొత్తం రాసి పట్టుకెళ్ళాను. ఆవిడ అల్లం వేసిన కాఫీ చిన్న కప్పులో పోసి నా ముందు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని చదివారు. మొదటి యూనిట్ పేరు ‘యూరోపియన్ల రాక’.

“యా ఉస్తాద్, మీ ఇంటి కథ చెప్పమంటే దొంగ గోడ దూకిన దగ్గర మొదలుపెడతారా?”

“అంటే...”

“దొంగ వస్తాడు. రానివ్వండి. ముందు ఇంట్లో ఎవరెవరున్నారో, ఏం వండుకు తింటున్నారో చెప్పండి.”

కాఫీ గొంతులో ఘాటుగా దిగింది. ఆ కాగితాలు పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి యూనిట్ గాలులు. ఏ గాలికి తెరచాప ఓడలు ఇటు నుంచి జాంజిబార్ వైపు పోయేవి, ఏ గాలికి తిరిగొచ్చేవి, వాటిలో ఎవరు ఇష్టపడి ఎక్కారు, ఎవరిని కట్టి ఎక్కించారు అన్నవి. దీవిలో పుట్టిన పిల్లలకి గాలి గురించి కొత్తగా చెప్పక్కర్లేదని ఆవిడ ధీమా.

అసలు యుద్ధం మార్కుల దగ్గర జరిగింది. నేను మూడు గంటల పరీక్ష, ఛాయిస్ ప్రశ్నలు అన్నాను. ఆవిడ వినలేదు. ప్రతి విద్యార్థీ తన ఇంట్లోనో వీధిలోనో ఆఫ్రికా తీరం నుంచి వచ్చిన వస్తువో, మాటో, వంటో ఒకటి వెతికి పట్టుకోవాలట. ఇంటి పెద్దల్ని అడగాలట. దాని గురించి అందరి ముందూ నిలబడి మాట్లాడాలట. చెప్పిన జవాబుకి కొన్ని మార్కులు, తనకి తోచిన కొత్త ప్రశ్నకి ఇంకొన్ని మార్కులు.

“ప్రశ్నకి మార్కులేమిటండీ?” అన్నాను, ఒళ్ళు మండి. “రేపు ఎవరైనా రీవాల్యుయేషన్ అడిగితే ఏం చూపిస్తాం?”

“పిల్లని చూపిస్తాం,” అన్నారావిడ.

చివరికి సగం పరీక్ష, సగం ఆవిడ చెప్పిన పద్ధతి అని రాజీపడ్డాం. ఓడిపోయానని లోపల కొంచెం కినుక ఉండేది. తర్వాత జరిగినదాంట్లో ఆ కినుక పాలెంతో నాకిప్పటికీ తేలలేదు.

రెండేళ్ళు గడిచాక డిగ్రీలిచ్చే ఆ బయటి యూనివర్సిటీ వాళ్ళు పరీక్షకులిద్దర్ని పంపుతామన్నారు. వాళ్ళు బాగుందంటే కొత్త బ్యాచ్‌ని చేర్చుకోవచ్చు. బాగాలేదంటే శాఖ మూత. నాకు పెద్ద నష్టం లేదు, ఎక్కడైనా చరిత్ర చెప్పుకుంటాను. ఆవిడ సంగతి వేరు. కాలేజీ యజమానే ఆవిడ కఫీల్, అంటే పూచీ పడి వీసా ఇప్పించినవాడు. శాఖ పోతే వీసా ఖలాస్. కూతురు ఇక్కడే స్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది. ఖార్తూమ్‌కి తిరిగి వెళ్ళే వీలు ఆవిడకి లేదు. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

పరీక్షకులు పెట్టిన షరతు ఒకటే. విద్యార్థులతో ఒక గంట మాట్లాడతారు, ఆ గదిలో టీచర్లు ఉండకూడదు.

అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. మా పిల్లలు నిదానస్థులు. ఇంగ్లీషులో ఏదైనా అడిగితే కాసేపు ఆలోచించి, నవ్వి, ‘తెలియదు సార్’ అనేవారు. ముఖ్యంగా ముహర్రఖ్ నుంచి వచ్చే ఒక అమ్మాయి. వాళ్ళ అమ్మమ్మ పూర్వీకులు జాంజిబార్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ అమ్మాయి ఎంచుకున్నది అమ్మమ్మగారి చెక్కరోలు. రంజాన్ నెలలో హరీస్ వండటానికి ఆ రోట్లో గోధుమలు దంచుతూ ఆడవాళ్ళు పాడే పాటలో ఎవరికీ అర్థం కాని మాటలు కొన్ని ఉన్నాయట. వాటి అర్థమేమిటని అడిగితే ఆ అమ్మాయీ ‘తెలియదు’ అనేది. రెండేళ్ళు చదివి తెలియదంటే పరీక్షకులు ఏమనుకుంటారు?

పరీక్షకుల్ని తీసుకురావడానికి డాక్టర్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళిన సాయంత్రం నేను పిల్లల్ని పోగేశాను. బోర్డు మీద ప్రశ్న, దాని కింద జవాబు. ‘ఈ డిగ్రీ ఎందుకు ఎంచుకున్నారు?’ ‘ఈ డిగ్రీ నా దృష్టిని విశాలం చేసి, సముద్రాల ఆవలి నా సోదరులతో నన్ను కలిపింది.’ అందరూ రాసుకున్నారు. ముహర్రఖ్ అమ్మాయిని పక్కకి పిలిచి, “రోలు సంగతి ఎత్తకమ్మా. పెద్ద విషయాలు మాట్లాడు,” అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నప్పుడు మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మా మాస్టారు ఒక ఏర్పాటు చేసేవారు. ఆయన ప్రశ్న అడగ్గానే క్లాసంతా చేతులెత్తాలి. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. నేనెప్పుడూ ఎడమచెయ్యే ఎత్తానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఆ విద్యనే సముద్రం దాటించి తెచ్చి మా పిల్లలకి నేర్పాను.

మర్నాడు తలుపు మూశారు. నేను వరండాలో నిలబడి చెవులు రిక్కించాను. పరీక్షకుల్లో పెద్దావిడ కరీబియన్ దీవుల్లో పుట్టినామె. బొంగురు గొంతు, గోడలు అదిరే నవ్వు.

“ఈ డిగ్రీ ఎందుకు ఎంచుకున్నావు బాబూ?”

“ఈ డిగ్రీ నా దృష్టిని విశాలం చేసి...”

భేష్, అనుకున్నాను.

“నువ్వమ్మా?”

“ఈ డిగ్రీ నా దృష్టిని విశాలం చేసి...”

మూడోవాడూ దృష్టిని విశాలం చేసుకునేసరికి నేను తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

“సరే. మీ సొంత ఇంట్లో ఆఫ్రికా ఎక్కడుందో చెప్పగలవాళ్ళెవరు?”

బట్టలు రాసుకున్న చప్పుడు. చేతులన్నీ లేచాయన్నమాట. నా ఏర్పాటులో లొసుగు నాకు తట్టింది సరిగ్గా అప్పుడే. మా బడిలో ఏ చెయ్యి ఎత్తినవాణ్ణి లేపాలో ఎంచేది మాస్టారు. ఇక్కడ ఎంచేది ఆవిడ, మాస్టారు వరండాలో ఉన్నాడు.

“నువ్వు చెప్పు తల్లీ.”

“నాకు తెలియదు మేడమ్.” ముహర్రఖ్ అమ్మాయి గొంతు.

“మరి చెయ్యెందుకు ఎత్తావు?”

“ఎడమచెయ్యి కదా మేడమ్. తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తమన్నారు సార్.”

ఈసారి గోడలు అదిరే నవ్వు వినిపించలేదు.

మధ్యాహ్నం డాక్టర్ నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద కాఫీ లేదు.

“కాగితం మీద డిగ్రీ బాగానే ఉందిట. పిల్లల దగ్గర దాని ఆనవాలే లేదుట. అలాగే రాస్తారుట.” ఆవిడ గొంతు పెంచలేదు. “యా ఉస్తాద్, రెండేళ్ళుగా మనం చెబుతున్నది దేని గురించి? తమ తరఫున ఎప్పుడూ ఇంకొకళ్ళే మాట్లాడేసిన మనుషుల గురించి. నిన్న మీరు చేసిందేమిటి?”

“మీకు మంచి జరగాలనే...”

“ఆఫ్రికాని ఏలిన దొరలూ అలాగే అన్నారు. మన రెండో సంవత్సరం పేపరులో ఉంది, చూసుకోండి.”

ఆ పేపరు రాసింది నేనే.

మెట్లు దిగి సగం దూరం పోయాను. మళ్ళీ ఎక్కాను. లైబ్రరీలో ఆ కరీబియన్ ఆవిడ ఒక్కతే కూర్చుని పిల్లల వ్యాసాలు తిరగేస్తోంది. ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నోట్సు నాది, చేతుల ఏర్పాటు నాది, డాక్టర్‌కి ఏమీ తెలియదు, రేపు బయల్దేరే లోపు పిల్లలకి ఇంకొక్క గంట ఇవ్వండి.

“రేపు శుక్రవారం, మీకు సెలవు కదా?”

“అవును. అయినా వస్తారు.”

“వాళ్ళొస్తారని మీకెలా తెలుసు?”

“తెలియదు,” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. “మీ నోటి నుంచి మొదటి మంచి జవాబు ఇది. ఒక్క గంట. మీరు మాత్రం గేటు బయట.”

పిల్లలు అప్పటికే ఇళ్ళకి వెళ్ళిపోయారు. కొందరికి ఫోన్ చేశాను. మిగతావాళ్ళ కోసం కాలేజీ వ్యాను ఎక్కాను. డ్రైవరు నిజామాబాద్ వైపు మనిషి. తనుండే సల్మాబాద్ లేబర్ క్యాంపుకి పోదామని అప్పుడే తాళం తిప్పుతున్నాడు.

“డ్యూటీ ఖలాస్ గదా సార్. గిప్పుడు యాడికి?”

“సిత్రా, కర్జకాన్, అక్కణ్ణించి ముహర్రఖ్.”

“గంతేనా? మొత్తం దుబాయి తిప్పుమంటున్నరు.” అతనికి గల్ఫంతా దుబాయే. “ఓవర్‌టైం ఎవలిస్తరు, మీరా, కఫీలా?”

దారిలో జరిగింది చెప్పాను. స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు.

“మా ఊళ్ళె సారు గూడ గిట్లనే జేస్తుండె సార్. నేను గూడ ఎడమచెయ్యే. కని ఆయన లోపట్నే నిలవడుతుండె. మీరు బయట నిలవడ్డరు. గదే మీరు జేసిన తప్పు.”

“తప్పు అది కాదయ్యా.”

“గది గూడ తప్పే సార్,” అన్నాడు, వదలకుండా.

సిత్రాలో ఒకడు ఫుట్‌బాల్ ఆడుతూ దొరికాడు. కర్జకాన్‌లో మా క్లాసు అక్కాతమ్ముళ్ళు ఇంట్లో చదువుకుంటున్నారు. వాళ్ళ నాన్న ఖర్జూరాలు పెట్టి, మేం చెప్పింది విని, “వీళ్ళనే అడగండి,” అన్నాడు. అడిగాను. పిల్లల్ని ఏదైనా అడగడం నాకు అంత కొత్తగా ఉంటుందనుకోలేదు.

ముహర్రఖ్ చేరేసరికి సందుల్లో దీపాలు వెలిగాయి. ఆ అమ్మాయి తలుపు సగమే తెరిచింది. వెనక వాళ్ళ నాన్న, ఆయన వెనక ముసలి అమ్మమ్మ.

“మళ్ళీ నోట్సు ఇస్తారా సార్?”

“లేదమ్మా. నిన్న నేను చేసింది తప్పు. క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాను.”

ఆ మాట ఆమె అరబ్బీలో చెప్పింది. అమ్మమ్మ ఏదో అంది, తండ్రి నవ్వాడు. ఏమన్నారో నాకు ఎవరూ చెప్పలేదు.

“రేపు రోలు సంగతి చెప్పొచ్చా?”

“చెప్పు.”

“పాటలో మాటలు తెలియవని?”

“తెలియవనే చెప్పు. ఎందుకు తెలియకుండా పోయాయని నీకు అనిపిస్తుందో అదీ చెప్పు.”

తలుపు పూర్తిగా తెరుచుకుంది. వసారాలో ఉంది ఆ రోలు, నడుమెత్తు, అంచు అరిగి నున్నబడ్డది. ఆ అమ్మాయి దాని మీద చెయ్యి వేసి, “దీన్ని చూపించకుండా ఎలా చెప్పను సార్?” అంది.

డ్రైవరు నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను.

“యల్లా సార్,” అన్నాడు. “మీరు ఆ దిక్కు పట్టుండ్రి.”

ఆ రాత్రి గుమ్మం దాకా చేర్చిన రోటిని మర్నాడు పొద్దున వ్యాను ఎక్కిస్తుంటే అమ్మమ్మ తనూ వెంట వస్తానంది. రోటిని ఒంటరిగా పంపదట.

కాలేజీ మెట్ల మీద నేనూ డ్రైవరూ ఆ రోటిని పైకి మోశాం. మొదటి మలుపులోనే నా చొక్కా గుండీ ఊడింది. రెండో మలుపులో అతను, “సార్, మీ సిలబస్ల ఇంక తేలికైన సామాన్ ఏం లేకుండెనా?” అన్నాడు. గది గుమ్మం దగ్గర దించి, ఒప్పందం ప్రకారం గేటు బయటికి వచ్చేశాను. మేడ మీది కిటికీ తెరిచే ఉంది. మాటలు వినపడలేదు. కాసేపటికి రోకలి పోటు వినిపించింది, దాంతో పాటు ముసలి గొంతులో పాట. ఆ తర్వాత గోడలు అదిరే నవ్వు. గంట దాటింది. ఎవరూ కిందికి రాలేదు.

డిగ్రీకి పూర్తి ఆమోదం రాలేదు. వెళ్ళే ముందే ఒక ఏడాది గడువిచ్చి, ఈసారికి కొత్త బ్యాచ్‌ని చేర్చుకోమన్నారు, మళ్ళీ వచ్చి చూస్తామన్నారు. డాక్టర్ కూతురి స్కూలు చదువు ముగియడానికి ఆ ఏడాది చాలు. మిగతాది చూద్దాం అన్నారావిడ. నాతో మాత్రం అవసరమైనంతే మాట్లాడారు. అల్లం కాఫీ రావడానికి చాలా రోజులు పట్టింది.

ఆ రోలు తిరిగి ముహర్రఖ్ చేర్చి వచ్చాక, శనివారం నేను ఆవిడ గదికి వెళ్ళి ఒక మనవి చేసుకున్నాను. కొత్త బ్యాచ్‌తో పాటు మొదటి పేపరు నేనూ చదువుతాను, క్లాసులో కూర్చుంటాను, ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి నిలబడి మాట్లాడతాను, మార్కులు వేయండి అని.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, “వెనక బెంచీ,” అన్నారు.

అలా ఒక టర్మంతా వెనక బెంచీలో కూర్చున్నాను. గాలుల పాఠం మొదటి రోజునే ఆవిడ క్లాసు మొత్తం వంక చూసి, చివరికి నా దగ్గర ఆగి, తిరుగు ఓడలు ఏ నెలలో బయల్దేరేవని అడిగారు. ఆ యూనిట్ రాసినవాళ్ళలో నేనొకణ్ణి. గుర్తు లేదు. చెయ్యెత్తకుండా లేచి నిలబడి, “తెలియదు డాక్టర్,” అన్నాను.